ఊరి చెంత కొండ – ఒంటికి అండ

టాటానగరు రైలుస్టేషను చెంత, రైలుమార్గము నానుకొని, జుగ్సలాయి యను చిన్న పట్టణము కలదు. పాలనలో ఇది వేరు పురపాలక సంస్థ యైనను, బ్రదుకు తెరువులో జమ్‌షెడ్పూరు మహాపట్టణమునకు ఒక పేట వంటిదే. ఇరుకు వీధులు, టోకు వర్తకుల కొట్లు, సరకులు దించు బండ్లు, ప్రొద్దుననే మొదలగు బేరసారములు – ఇదియే దాని నిత్యజీవితము. ఇచ్చటి జనులకు దినమంతయు పని యున్నది. కాని ఆ పనిలో హెచ్చుభాగము కూర్చుండియో, నిలుచుండియో చేయునదే. గల్లాపెట్టె యెదుట కూర్చున్న వర్తకునకు, కుట్టుమిషను ముందు వంగిన దర్జీకి, వంటయింట నిలుచున్న ఇల్లాలికి సాయంకాలమునకు అలసట కలుగుచున్నది. వ్యాయామము మాత్రము కలుగుట లేదు. అలసటయు వ్యాయామమును ఒకటి కావు.

ఈ పట్టణమునకు ఉత్తర దిక్కున దల్మా కొండ యున్నది. వాన వెలిసిన మరునాటి యుదయమున జమ్‌షెడ్పూరులో పలుచోట్ల మేడలపై నిలిచి చూచినవారికి ఆకాశపుటంచున నీలముగా ఆ కొండబారు కనుపించును. పట్టణవాసులు పుట్టినది మొదలు దానిని చూచుచునే యుందురు. కాని చూచినవారెందరో, ఎక్కినవారు కొందరే. ఊరి చెంత నుండియు వాడుకలోనికి రాని ఈ యారోగ్యసాధనమును గూర్చియు, దానిని వాడుకొని లోకప్రసిద్ధి గాంచిన జుగ్సలాయి గృహిణిని గూర్చియు తెలిసికొనుట ఎల్లరకు మేలు.

ఇది వేడుక విషయము మాత్రమే కాదు. భారత వైద్య పరిశోధన మండలివారి తోడ్పాటుతో జరిగి 2023లో ప్రకటింపబడిన సర్వే ప్రకారము, మన దేశమున వయోజనులలో నూటికి 11 మందికి పైగా మధుమేహము కలవారు. నూటికి 35 మందికి పైగా రక్తపుపోటు కలవారు. 2024లో ప్రకటింపబడిన వేరొక అంతర్జాతీయ పరిశీలనలో, 2022 నాటికి భారతీయ వయోజనులలో దాదాపు సగముమంది చాలినంత శరీరశ్రమ లేనివారని తేలినది. ఇందు పురుషులు నూటికి 42 మంది కాగా, స్త్రీలు నూటికి 57 మంది. ఇంటిపని తీరిక లేనిదే కాని, గుండెకు కావలసిన కదలిక అందులో చాలకున్నదని ఈ లెక్క తెలుపుచున్నది.

ఊరును కొండయు

1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ స్థాపింపబడినది. సాక్చీ యను పల్లెయొద్ద కర్మాగారము వెలసినది. 1912లో అందు తొలిసారి ఉక్కు పోతపోయబడినది. అదే సంవత్సరమున ఇచ్చటి కార్మికులకు ఎనిమిది గంటల పనిదినము అమలులోనికి వచ్చినది. దేశములో నది చాల ముందడుగు. 1919లో ఊరికి జమ్‌షెడ్పూరనియు, కాళీమాటీ స్టేషనుకు టాటానగరనియు పేర్లు పెట్టబడినవి. పని దొరకు చోటికి జనులు నలుదెసలనుండి వచ్చిరి. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చిన తెలుగు కుటుంబములు పెక్కు ఇచ్చటనే స్థిరపడినవి. బిష్టుపూరులోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరము, కద్మాలోని ఆంధ్ర అసోసియేషను నేటికిని వారి కూడలి స్థలములు.

ఎనిమిది గంటల పనియనగా మిగిలిన పదునారు గంటలు కార్మికుని సొంతము. అందు నిద్రకు ఎనిమిది పోగా, తక్కినవి ఎట్లు గడుపవలెనను ప్రశ్న పుట్టును. 1958లో జవహర్లాల్ నెహ్రూ చేతులమీదుగా తెరువబడిన జూబిలీ పార్కు ఈ ప్రశ్నకు పట్టణము చెప్పిన ఒక జవాబు. చెట్లనీడలో చదునైన బాటలున్న ఆ తోట నడక నేర్చుకొనువారికి తొలి బడి వంటిది.

ఆ బడి దాటినవారికి పెద్ద బడి దల్మా. దాని శిఖరము సముద్రమట్టమునకు సుమారు 3000 అడుగుల యెత్తున నున్నది. పట్టణమే సముద్రమునకు సుమారు 500 అడుగుల యెత్తున నుండుటచే, కొండ యెక్కువాడు నిజముగా ఎక్కునది సుమారు 2500 అడుగులు. కొండచరియలను సాలవృక్షముల యడవి కప్పియుండును. ఆకురాలు కాలమున నేల రాగిరంగు దాల్చును, తొలకరి పడగానే పచ్చబడును. 1976లో ఈ ప్రాంతము వన్యప్రాణి రక్షణవనముగా ఏర్పడినది. దీని విస్తీర్ణము సుమారు 193 చదరపు కిలోమీటర్లు. మకులాకోచా యను చోట అటవీశాఖవారి ద్వారమున్నది. అచ్చటినుండి మలుపులు తిరుగుచు మట్టిదారి పైకి పోవును. త్రోవలో పిండ్రాబేడా విశ్రాంతిగృహము, అడవిమృగములు నీరు త్రాగు చెరువులు, శిఖరము చెంత శివుని గుహాలయము, ఆంజనేయుని గుడి యున్నవి. భక్తితో ఎక్కువారును, ఆరోగ్యమునకై ఎక్కువారును ఒకే దారిని పోవుచుందురు.

ముప్పదియారవ యేట తొలి యడుగు

జుగ్సలాయి నివాసినియైన ప్రేమ్‌లతా అగర్వాల్ 1963లో జన్మించినది. 1999లో దల్మా కొండపై జరిగిన నడక పోటీలో ఆమె పాల్గొన్నది. అప్పటికి ఝార్ఖండు రాష్ట్రమే యేర్పడలేదు. జమ్‌షెడ్పూరు బీహారులో నుండెను. ఆమెకు అప్పుడు 36 ఏండ్లు. ఇద్దరు కుమార్తెల తల్లి. ఆ వయస్సున స్త్రీకి కొత్త ఆట నేర్చుకొను కాలము దాటిపోయినదని లోకము తలచును. ఆమె నడకను గమనించినది బచేంద్రీ పాల్. 1984 మే 23న ఎవరెస్టు శిఖర మెక్కిన తొలి భారతీయ మహిళ ఈమెయే. అదే సంవత్సరమున జమ్‌షెడ్పూరులో నెలకొన్న టాటా స్టీలు సాహస సంస్థకు ఆమె 2019 వరకు నాయకత్వము వహించినది. ఆమె ప్రోత్సాహమున ప్రేమ్‌లత శిక్షణ పొందనారంభించినది.

ఇచ్చట పాఠకులు గమనింపదగిన విషయమొకటి కలదు. దల్మా నడకకును ఎవరెస్టు శిఖరమునకును నడుమ 12 సంవత్సరములు గడచినవి. ఆమె 2004లో నేపాలు దేశమున 6000 మీటర్లకు పైబడిన ఐలండు పీకు యాత్రలో పాల్గొన్నది. 2007లో భుజ్ నుండి వాఘా సరిహద్దు వరకు ఒంటెలపై సాగిన మహిళల థారు ఎడారి యాత్రలో చేరినది. 2008లో ఆఫ్రికాలోని కిలిమంజారో శిఖరమును చేరినది. ఆపైననే, 2011 మే 20న, 48 ఏండ్ల వయస్సున ఎవరెస్టు నెక్కినది. ఆనాటికి ఆ శిఖరమును చేరిన భారతీయ మహిళలందరిలో ఆమెయే వయస్సున పెద్దది. 2018 వరకు ఆ ఖ్యాతి ఆమెకే చెల్లినది. 2012లో దక్షిణ అమెరికాలోని అకొంకాగువా, ఐరోపాలోని ఎల్బ్రుసు, న్యూగినీ దీవిలోని కార్‌స్టెంజు శిఖరములు. 2013లో అంటార్కిటికాలోని విన్సను, ఉత్తర అమెరికాలోని డెనాలీ శిఖరములు పూర్తియయ్యెను. డెనాలీ చేరిన దినము 2013 మే 23 – తన గురువు ఎవరెస్టు నెక్కిన దినమునకు సరిగా 29 సంవత్సరములు. ఏడు ఖండముల అత్యున్నత శిఖరములు చేరిన తొలి భారతీయ మహిళయని ఆమె పేరొందినది. 2013లో పద్మశ్రీ బిరుదమును, అటుపై 2017కు గాను టెన్సింగ్ నార్గే జాతీయ సాహస పురస్కారమును ఆమెకు లభించినవి.

తెలుగునాటను ఇట్టి దృష్టాంతమే కలదు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ, భువనగిరి రాతికొండపై శిక్షణ పొంది, 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండక మునుపే ఎవరెస్టు శిఖరమును చేరినది. 2022లో ఏడు ఖండముల శిఖరములను పూర్తిచేసినది. ఒకరు బాలిక, వేరొకరు గృహిణి. ఇరువురకును తొలి గురుపీఠము కొండయే. అందరును ఎవరెస్టు నెక్కనక్కరలేదు. కాని కొండ చెంతకు పోవుటకు వయస్సు మించిపోయినదను మాట మాత్రము ఈ వృత్తాంతము విన్నవారు చెప్పజాలరు.

ఎక్కుచున్నప్పుడు దేహములో జరుగునది

చదునైన నేలపై నడచునప్పుడు కాళ్ళు దేహమును ముందునకు మాత్రమే మోయును. మెట్టపై నడచునప్పుడు ప్రతి యడుగునను దేహపు బరువంతయు పైకి లేపవలసి యుండును. 60 కిలోల బరువుగల మనిషి 300 మీటర్ల యెత్తు ఎక్కినచో, ఆ యెత్తునకు మాత్రమే అతని దేహము సుమారు 170 కెలోరీలు ఖర్చుచేయును. కండరము తాను వాడుకొను శక్తిలో నాల్గవ వంతును మాత్రమే పనిగా మార్చగలదు. తక్కిన మూడు వంతులు వేడియగును. కొండ యెక్కువారికి చలికాలమందును చెమట పట్టుటకు కారణ మిదియే. ఆ చెమటకు బదులు నీరు త్రాగవలెననుటకును కారణ మిదియే.

తొడలలోని పెద్ద కండరములు, పిరుదులు, పిక్కలు ఏకకాలమున పనిచేయుటచే వానికి ప్రాణవాయువు అధికముగా కావలసివచ్చును. గుండె వేగముగా కొట్టుకొనును. ఊపిరి లోతుగా సాగును. వారములు గడచినకొలది గుండె ఒక్కొక్క కొట్టుకు ఎక్కువ రక్తమును పంపుట నేర్చుకొనును. విశ్రాంతివేళ నాడి నెమ్మదించును. పనిచేయు కండరము రక్తములోని చక్కెరను లాగికొని వాడుకొనును గనుక మధుమేహము కలవారికి ఇది మేలు. రక్తపుపోటు కొంత తగ్గును, ఎముకలు గట్టిపడును, నిద్ర చక్కగా పట్టును.

దిగుట వేరొక వ్యాయామము. దిగునప్పుడు గుండెకు శ్రమ తక్కువ, తొడలకు శ్రమ ఎక్కువ. తొడ కండరములు సాగుచు దేహపు బరువును పట్టి యాపవలసి యుండును. అందుచేత కొత్తవారికి మరునాడును, ఆ మరునాడును తొడలు నొప్పులు పుట్టును. ఇది సహజము, రెండు మూడు దినములలో తగ్గును. మోకాలి చిప్ప చుట్టు వాపు, కీలులో పొడుచుచున్నట్లు బాధ కలిగినచో అది సహజము కాదు; వైద్యునికి చూపవలెను.

మెట్టలెక్కుట గుండెకు మేలని శాస్త్రము ఎరిగినది నిన్న మొన్న కాదు. 1953లో జెరిమీ మోరిస్ యను ఆంగ్ల వైద్యుడును, ఆయన సహచరులును లండను బస్సు ఉద్యోగులను గూర్చిన పరిశీలనను ప్రకటించిరి. రెండంతస్తుల బస్సులలో డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు దినమునకు వందలకొలది మెట్లు ఎక్కి దిగుచుండును. ఇరువురును ఒకే సంస్థ ఉద్యోగులు, ఒకే నగరవాసులు. అయినను గుండెజబ్బు డ్రైవర్లకంటె కండక్టర్లకు తక్కువగా వచ్చినది. వచ్చినను దానివలన వెంటనే మరణించుట తక్కువగా నుండెను. అటుపై ఏడు దశాబ్దములుగా జరిగిన పరిశోధనలు ఈ మార్గముననే సాగినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా యిట్లున్నది: వయోజనులు వారమునకు 150 నుండి 300 నిమిషముల వరకు ఓ మోస్తరు శ్రమయో, 75 నుండి 150 నిమిషముల వరకు గట్టి శ్రమయో చేయవలెను. వారమునకు రెండు దినములైనను కండరములకు బలము చేకూర్చు పనులు చేయవలెను. కొండనడకలో ఈ రెండు ప్రయోజనములును కొంతకు కొంత చేకూరును.

తెలుగువారికి ఈ సంగతి కొత్తది కాదు. అలిపిరి నుండి తిరుమలకు 3550 మెట్లు. శ్రీవారి మెట్టు దారిన 2388 మెట్లు. మ్రొక్కు పేరిట ఆ మెట్లన్నియు ఎక్కినవారు పెక్కు కుటుంబములలో నుందురు. ఏడాదికొకసారి మ్రొక్కుబడిగా చేయు శ్రమను వారమునకొకసారి కొద్దికొద్దిగా చేయుటయే ఆరోగ్యమునకు కావలసినది. ఏడాదంతయు కదలక, ఒక్కనాడు మెట్లన్నియు ఎక్కుట గుండెకు పరీక్ష యగునే కాని శిక్షణ కాజాలదు.

సైకిలుపై చుట్టుదారి

ఒకప్పుడు జమ్‌షెడ్పూరు కార్మికుని వాహనము సైకిలే. మోటారు వాహనములు పెరిగినకొలది ఆ వాడుక తగ్గినది. 1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరు గుండెపోటునకు లోనైనప్పుడు చికిత్స చేసినవారిలో ప్రముఖుడైన పాల్ డడ్లీ వైట్ యను హృద్రోగ వైద్యుడు, నడకను సైకిలు తొక్కుటను జీవితాంతము బోధించెను, తానును ఆచరించెను. మోకాళ్ళు కొంచెము బలహీనమైనవారికి సైకిలు మిక్కిలి అనుకూలము. దేహపు బరువును జీనుపీట మోయును గనుక కీళ్ళపై ఒత్తిడి తక్కువ.

జుగ్సలాయి నుండి బయలుదేరి తిరిగి ఇల్లు చేరుటకు మంచి చుట్టుదారి యొకటి కలదు. బిష్టుపూరు, సాక్చీల మీదుగా పోయి, మాంగో వంతెనపై సువర్ణరేఖా నదిని దాటి, డిమ్నా సరస్సు చేరవలెను. ఈ సరస్సు పట్టణమధ్యమునకు సుమారు 13 కిలోమీటర్ల దూరమున, దల్మా కొండ పాదమున నున్నది. పట్టణమునకును కర్మాగారమునకును నీరందించుటకై కట్టబడిన జలాశయమిది. అచ్చట విశ్రమించి, నీరు త్రాగి, మరల మాంగో వంతెన దాటి, నదీతీరమున మెరీను డ్రైవు అను బాట పట్టి సోనారీ వైపు సాగవలెను. సోనారీ చెంత దొముహానీ యొద్ద ఖర్కాయీ నది సువర్ణరేఖలో కలియుచున్నది. అచ్చటినుండి కద్మా, బిష్టుపూరుల మీదుగా జుగ్సలాయి చేరవచ్చును. తెల్లవారుజామున బయలుదేరినవారు, నెమ్మదిగా త్రొక్కినను, ఎండ ముదురక మునుపే ఇల్లు చేరుదురు. మొదటినాడే చుట్టంతయు త్రొక్కరాదు. మొదట నది వరకు, తరువాత సరస్సు వరకు, ఆపైన చుట్టంతయు – ఈ క్రమము మంచిది.

గేరు సైకిలు కలవారు మెట్ట రాకమునుపే గేరు తగ్గించుకొనవలెను. మెట్టమీద బలవంతముగా త్రొక్కుటవలన మోకాళ్ళు చెడును. పీట యెత్తు సరిగా నుండవలెను: త్రొక్కుడు పలక క్రిందికి వచ్చినప్పుడు కాలు దాదాపు చాచబడి, మోకాలు కొంచెము మాత్రమే వంగియుండవలెను. దిగుడున ముందు బ్రేకును ఒక్కసారిగా పట్టరాదు. రెండు బ్రేకులను కొద్దికొద్దిగా కలిపి పట్టవలెను. తలకు హెల్మెట్టు, వెనుక ఎఱ్ఱదీపము, పంక్చరు సామాను, గాలిపంపు తప్పనిసరి. మాంగో వంతెనపై లారీలు హెచ్చుగా తిరుగును గనుక గుంపుగా పోవువారు ఒకరి వెనుక నొకరుగా సాగవలెను. రక్షణవనములోనికి సైకిళ్ళు తీసికొనిపోవలెనన్నచో అటవీశాఖవారి యనుమతి ముందుగా పొందవలెను.

పండ్రెండు వారముల క్రమము

దల్మా శిఖరము ఒక దినపు పని. దానికి సిద్ధపడుట మూడు నెలల పని. మొదటి మూడు వారములు జూబిలీ పార్కులోనో, నదీతీరమునో వారమునకు ఐదు దినములు 20 నిమిషములతో మొదలిడి 30 నిమిషముల వరకు చదును నడక సాగింపవలెను. నాల్గవ వారము నుండి ఆరవ వారము వరకు 40 నిమిషములు నడచి, దానికితోడు ఇంటి మేడమెట్లు రెండు మూడు మారులు ఎక్కి దిగవలెను. ఏడవ వారము నుండి ఆదివారములందు డిమ్నా చుట్టుపట్ల ఎగుడుదిగుడు నేలలో అరగంట ఎక్కి, అరగంట దిగవలెను. పదవ వారమునకు ఈ నడకను రెండు గంటలకు పెంచి, శిఖరమునకు మోయబోవు నీరు, చద్దిమూట భుజమున పెట్టుకొని అలవాటు చేసికొనవలెను. ఇంతయైన తరువాత దల్మా శిఖరయాత్ర భారము కాదు.

వేగమెంత యుండవలెనని పలువురు అడుగుదురు. దీనికి యంత్రము లక్కరలేదు. నడచుచు మాటలాడగలిగి పాట పాడలేకున్నచో శ్రమ సరిగా నున్నదని తెలియవలెను. రెండు మాటలకే రొప్పు వచ్చినచో వేగము తగ్గింపవలెను. ఎక్కునప్పుడు చిన్న యడుగులు వేయవలెను. పోటీపడి పరుగెత్తి, పదేపదే ఆగుటకంటె, ఆగక నెమ్మదిగా సాగుట మేలు. దిగునప్పుడు మోకాళ్ళు కొంచెము వంచి, చేతికర్ర ఆనుకొని దిగవలెను.

కుటుంబములోని స్త్రీలకు ఈ అవకాశము దొరకుట మిక్కిలి కష్టము. ఉదయమున వంట, పిల్లల బడి, సాయంకాలమున మరల వంట. ఇంటివారు ఈ పనులలో పాలు పంచుకొననిదే ఆమెకు దినమున అరగంట మిగులదు. ఆమె ఆరోగ్యమునకు కావలసిన మందు అంగడిలో కాక ఇంటివారి గడియారములోనే యున్నదని గ్రహింపవలెను. ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురైదుగురు కలిసి నడచినచో భయమును బిడియమును తగ్గును. ఒకరు మానదలచినను తక్కినవారు లాగికొనిపోవుదురు. కాళ్ళకు అడ్డుపడని దుస్తులు, మడమను బిగించి పట్టు బూట్లు ఉన్నచో చాలును.

అడవిలో మర్యాద, జాగ్రత్త

దల్మా ఏనుగుల నెలవు. 2001లో దేశములో మొదటిదిగా ప్రకటింపబడిన సింగ్‌భూం ఏనుగుల సంరక్షణ క్షేత్రమున ఇది చేరియున్నది. వేసవిలో చెరువుల నీటికై ఏనుగులు కొండపై గుమిగూడును; వరి పండు దినములలో మందలు పశ్చిమ బెంగాలు వైపు సాగుట 1980 దశాబ్దము నుండి జరుగుచున్నది. కావున ద్వారమున అనుమతి పొంది, ఏనుగులు ఏ దెసనున్నవో అడిగి తెలిసికొని, త్రోవ యెరిగినవానితో పగటివేళ మాత్రమే పోవలెను. ఏనుగు కనబడినచో ఫొటోకై దగ్గరకు పోరాదు. సద్దు చేయక, వచ్చిన దారినే వెనుకకు మరలవలెను. చెరువు గట్టులపై గుమికూడరాదు. కాగితములు, ప్లాస్టికు సంచులు విడువరాదు, నిప్పు రాజేయరాదు. ఈ యడవిలో సంథాలు, హో, భూమిజు మొదలగు జనుల పల్లె లున్నవి. అది వారి ఇల్లు. పోవువారు అతిథులవలె మెలగవలెను.

మే నెలలో ఇచ్చటి యెండ 40 డిగ్రీలు దాటును. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు కొండనడకకు మిక్కిలి అనుకూలమైన కాలము. వానకాలమున రాళ్ళు జారును, పిడుగులు పడును. ఉరుము వినబడగానే ఎత్తయిన చెట్టుక్రింద నిలువక దిగిపోవలెను. మనిషి కొకరికి కనీసము రెండు లీటర్ల నీరు కావలెను. ఉప్పు కలిపిన మజ్జిగ మంచిది; ఓఆర్ఎస్ పొడి పొట్లములు, వానిని కలుపుటకు వేరుగా ఒక లీటరు శుభ్రమైన నీరు వెంట నుండవలెను. ఎండదెబ్బ తగిలి మాట తడబడినను, మతి తప్పినను, మనిషిని నీడకు చేర్చి, ఒడలు నీటితో తడిపి విసరుచు, వెంటనే ఆసుపత్రికి తరలింపవలెను.

సింగ్‌భూం అడవులు మలేరియాకు పేరుపడినవి. నిండు చేతుల చొక్కా, దోమలు దరిచేరని మలాము అవసరము. యాత్ర జరిగిన కొన్ని వారములలో చలిజ్వరము వచ్చినచో రక్తపరీక్ష చేయించుకొని, అడవికి పోయినట్లు వైద్యునితో చెప్పవలెను. పాము కరచినచో కాటును కోయరాదు, నోటితో పీల్చరాదు, త్రాడు బిగింపరాదు, మంత్రగానిచెంత కాలము గడపరాదు. కరచిన అవయవము కదలకుండ కర్రతో ఆనించి, మనిషిని నడిపింపక మోసికొనిపోయి, విషమునకు విరుగుడు సూది మందున్న ఆసుపత్రికి చేర్చవలెను.

ఎవరు వైద్యుని అడుగవలెను?

గుండెజబ్బు, రక్తపుపోటు, మధుమేహము, ఉబ్బసము, కీళ్ళవాతము కలవారును, గర్భిణులును, నలుబది దాటి ఇన్నాళ్ళు వ్యాయామము లేనివారును కొండకు సిద్ధపడక మునుపే వైద్యుని సలహా పొందవలెను. మధుమేహమునకు మందు పుచ్చుకొనువారు దారిలో రక్తములోని చక్కెర తగ్గి వణుకు, చెమట, తల త్రిప్పు కలుగవచ్చును గనుక, బెల్లపు ముక్కయో గ్లూకోసు పొట్లమో జేబులో నుంచుకొనవలెను. నడుమ రొమ్ములో బరువు, ఎడమచేతికో దవడకో ప్రాకు నొప్పి, ఆగినను తగ్గని ఆయాసము – వీనిలో ఏది కలిగినను వెంటనే కూర్చుండి, తోడివారిచేత 108కో 112కో ఫోను చేయింపవలెను. తోడు లేక ఒంటరిగా కొండ యెక్కరాదనుటకు ముఖ్యకారణ మిదియే.

శిఖరముపై నిలిచి చూచువారికి క్రింద సువర్ణరేఖ వెండితీగవలె కనుపించును. దాని కావల కర్మాగారపు పొగగొట్టములు, ఇండ్ల బారులు తోచును. దేహము తేలికగా, ఊపిరి లోతుగా సాగుచుండగా ఆ దృశ్యమును చూచుట డబ్బు పోసి కొనదగిన వస్తువు కాదు. మందులు రోగము వచ్చిన పిదప పనిచేయును. నడక రోగము రాకుండుటకు పనిచేయును. రేపటి యుదయమున 20 నిమిషములు చదునునేలపై నడచినవారు దల్మా దారిలో తొలి యడుగు వేసినవారే యగుదురు.